వరస తేల్చే గది: సరోగసీ తోబుట్టువుల కౌన్సెలింగ్‌పై సమీక్ష

విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రుల వీధుల మధ్య ఒక సంతాన సాఫల్య కేంద్రం మూడో అంతస్తులో ‘వరసల కౌన్సెలింగ్’ అనే సేవ నడుస్తోంది. సరోగసీ (ఒక జంట కోసం వేరే స్త్రీ, అంటే సరోగేట్, బిడ్డను కడుపున మోసి కనివ్వడం) ద్వారా పుట్టబోయే బిడ్డకు ఇంట్లో, చుట్టాల్లో ఎవరు ఏమవుతారో, ముఖ్యంగా పిల్లలు ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలో తేల్చుకోవడానికి మూడు విడతలు కూర్చోబెడతారు. విడతకు ముప్పావు గంట, మూడింటికీ కలిపి 3,000 రూపాయలు. శనివారం మధ్యాహ్నాలు గుంటూరు బ్రాడీపేటలో కూడా ఇదే కౌన్సెలర్ ఇదే పని చేస్తారు. కేంద్రం పేరు రాయడం లేదు. వచ్చే కుటుంబాలు కొద్దే కాబట్టి పేరు చెబితే ఊళ్ళో వాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు.

సరోగసీ క్లినిక్‌లో కౌన్సెలర్ ఉండి తీరాలని 2022 నాటి నిబంధనలే చెబుతున్నాయి. కానీ చాలాచోట్ల ఆ కౌన్సెలింగ్ సంతకాలకు ముందు పావుగంట ధైర్యం చెప్పడంతో సరిపెట్టేస్తారు. బిడ్డ పుట్టాక ‘వీడు నీకు ఏమవుతాడు?’ అని మొదటి చుట్టం అడిగేదాకా ఆ ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తట్టదు. అందుకే ఇలాంటి సేవ ఒకటి ఉండడమే మంచి విషయం. అయితే దాని నాణ్యత విడతకో రకంగా ఉంది.

ముందు మాటల సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే సేవ బాగోగులు అక్కడే తేలతాయి. ‘సోదరుడు’, ‘సహోదరుడు’ అన్న సంస్కృత పదాలకు మూలం ఉదరం, అంటే ఒకే కడుపు. ‘తోబుట్టువు’ అంటే తోడ పుట్టినది. ‘ఒక కడుపున పుట్టినవాళ్ళు’, ‘ఒక తల్లి బిడ్డలు’ అన్న మాటలు వేర్వేరు సంగతులు చెబుతాయని మన పెద్దలెప్పుడూ అనుకోలేదు. కడుపు, రక్తం, ఇల్లు మూడూ ఒక్కచోటే ఉండేవి మరి. సరోగసీలో ఆ మూడూ విడిపోతాయి. మాటను అక్షరాలా పట్టుకుంటే, గర్భం మోసిన స్త్రీ సొంత పిల్లలే బిడ్డకు సహోదరులు. ఒకే అమ్మానాన్నల బిడ్డలై ఉండి, ఒకరు తల్లి కడుపున, ఇంకొకరు సరోగేట్ కడుపున పుడితే వాళ్ళు సహోదరులు కారు. ఇది ఎవరికీ మింగుడుపడదు. అలాగని మాటను మూలార్థానికి కట్టేయాల్సిన పనీ లేదు. గుంటూరు ప్రాంతపు చర్చిల్లో ‘సహోదరులారా’ అన్న పిలుపు కూర్చున్న వాళ్ళందరికీ చెందుతుంది, అక్కడ కడుపు ఊసే లేదు.

ఇంగ్లీషులో ఈ సంబంధాలకు కొన్ని కొత్త మాటలు పుట్టాయి. ఒకే వీర్యదాత లేదా అండదాత వల్ల వేర్వేరు ఇళ్ళలో పుట్టినవాళ్ళను ‘డిబ్లింగ్స్’ అంటారు, డోనర్, సిబ్లింగ్ కలిపి. ఒకే అండదాత అండాలతో ఏర్పడి, ఇద్దరు సరోగేట్ల కడుపున కొద్ది రోజుల తేడాతో పుట్టిన పిల్లలను ‘ట్విబ్లింగ్స్’ అన్నారు. అమెరికన్ రచయిత్రి మెలనీ థర్న్‌స్ట్రామ్ తన ఇద్దరు బిడ్డల గురించి న్యూయార్క్ టైమ్స్‌లో రాశాక, 2011 నుంచి ఈ మాట బాగా తెలిసింది. ఇవి సంబంధం ఏమిటో వివరించడానికి పనికొస్తాయి. తెలుగులో పిలవడానికి పనికిరావు. మన భాషలో పెద్దా చిన్నా, ఆడా మగా చెప్పకుండా తోబుట్టువును పిలిచే మాటే లేదు. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి నాలుగే. ‘ఒరేయ్ ట్విబ్లింగ్’ అని ఏ పిల్లాడూ పిలవడు.

మొదటి విడత గీతల పని. ఏ3 కాగితం మీద మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వృత్తం గీసి, మూడు రంగుల స్కెచ్ పెన్నులతో కలుపుతారు. జన్యువుకు ఎరుపు, గర్భానికి నీలం, పెంపకానికి ఆకుపచ్చ. మూడు గీతలూ ఒకే ఇద్దరి మధ్య పడితే మామూలు సంబంధం. ఎరుపు, ఆకుపచ్చ కలిసి నీలం వేరేచోటికి పోతే సరోగసీ. ఎరుపు కూడా ఒక వైపు తెగితే దాత అండమో దాత వీర్యమో ఉన్నట్టు. ఏ ఇద్దరు పిల్లల మధ్య ఏ రంగు కలుస్తోందో కాగితం మీద కనబడగానే దంపతుల సందేహాల్లో సగం తీరిపోతాయి. మొత్తం సేవలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు కూడా జరుగుతోంది. గర్భం మోసే స్త్రీని చార్టు అంచున ఒక చుక్కల గీతతో పెట్టి వదిలేస్తారు. ఆమె కింద ఆమె పిల్లలను గీయరు. 2021 సరోగసీ చట్టం ప్రకారం ఆ స్త్రీ 25 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉండాలి, పెళ్ళయి ఉండాలి, ఆమెకు సొంత బిడ్డ ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఈ పని చేయాలి. సొంత బిడ్డ ఉండాలన్న షరతు వల్ల, చట్టబద్ధంగా జరిగే ప్రతి సరోగసీలోనూ అవతలి వైపు కనీసం ఒక బిడ్డ జన్మించి ఉంటుంది. వరసల చార్టులో ఆ బిడ్డ లేకపోవడమంటే సగం కాగితం ఖాళీగా ఉన్నట్టే. కుటుంబాలే గట్టిగా అడిగి ఆ వృత్తాలు, చతురస్రాలు గీయించుకోవాలి.

చార్టుతో పాటు నాలుగు పేజీల కరపత్రం ఇస్తారు. అది ఇంగ్లీషు నుంచి అనువదించినదని మొదటి పంక్తిలోనే తెలిసిపోతుంది. ‘అర్ధ సోదరుడు’, ‘దాత తోబుట్టువు’, ‘గర్భ సోదరి’ లాంటి మాటలు అందులో ఉన్నాయి. ‘గర్భ సోదరి’ అంటే గర్భంలో ఉన్న సోదరి అనుకుంటారు. ‘దాత తోబుట్టువు’కు ఒక పేజీ మొత్తం కేటాయించారు, కానీ అది మనకు అంతగా అక్కరలేదు. 2021లో వచ్చిన ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి సాంకేతికత) చట్టం ప్రకారం ఒక దాత అండాన్నిగానీ వీర్యాన్నిగానీ వాటిని సేకరించి ఉంచే బ్యాంకు ఒక్క జంటకు మించి ఇవ్వకూడదు. అండదాత జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు. పాశ్చాత్య దేశాల్లో ఒకే వీర్యదాతకు పదుల సంఖ్యలో పిల్లలు పుట్టి ఒకరినొకరు వెతుక్కునే పరిస్థితి ఈ చట్టాన్ని పాటించినచోట రాదు. ఇక్కడ మిగిలేది దాత సొంత పిల్లలు మాత్రమే. దాత వివరాలు గోప్యం కాబట్టి వాళ్ళకు పిలుపు అవసరం రాదు.

కరపత్రంలో వెంటనే తీసేయాల్సిన మాట ‘సవతి తమ్ముడు’. దాత అండంతో సరోగసీలో ఒక బిడ్డ పుట్టి, ఆ తర్వాత తల్లికి సహజంగా ఇంకో బిడ్డ పుడితే, ఆ ఇద్దరి మధ్య తండ్రి జన్యువులే కలుస్తాయి. సరోగసీ నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో వచ్చిన సవరణ తర్వాత ఇలాంటి ఇళ్ళు పెరుగుతాయి. జిల్లా మెడికల్ బోర్డు ధ్రువీకరిస్తే దాత అండంగానీ వీర్యంగానీ వాడుకోవచ్చు, దంపతుల్లో కనీసం ఒకరిది ఉండాలి. ఇలాంటి పిల్లలకు ‘సవతి’ అనే మాట అంటగట్టడం బాధ కలిగించడమే కాదు, అర్థం ప్రకారం కూడా తప్పు. సవతి అంటే సపత్ని, భర్తకు ఇంకో భార్య. అండదాత ఎవరికీ భార్య కాదు. ఆ మాట వింటే బయటివాళ్ళు తండ్రికి రెండో సంసారం ఉందనుకుంటారు. ఈ పిల్లలిద్దరికీ ఇంట్లో, బళ్ళో, పెళ్ళి పత్రికలో వాడాల్సినవి అన్న, తమ్ముడు, అక్క, చెల్లి అనే మామూలు మాటలే, ముందు ఏ విశేషణమూ తగిలించకుండా. జన్యువుల తేడా వైద్యుడికి చెప్పాల్సిన సమాచారం. తల్లి వైపు జబ్బుల చరిత్ర రాసేటప్పుడు అది కావాలి, పిలుపులో అక్కర్లేదు.

కవలల విషయంలో కౌన్సెలర్ స్పష్టంగా ఉంటారు, అది మెచ్చుకోదగ్గది. ఒకే సరోగేట్ కడుపున ఇద్దరు పుడితే వాళ్ళు కవలలే, వేరే మాట వద్దు. నిబంధనల ప్రకారం మామూలుగా ఒక్క పిండమే పెట్టాలి, ప్రత్యేక పరిస్థితుల్లో మూడు దాకా పెట్టవచ్చు కాబట్టి కవలలు అరుదే అయినా ఉంటారు. డబ్బుకు సరోగసీ నడిచిన 2022కు ముందు రోజుల్లో ఇద్దరు స్త్రీలకు ఒకేసారి పిండాలు పెట్టిన సందర్భాలున్నాయి. ఆ పిల్లలు ఇప్పుడు బడి వయసులో ఉన్నారు. అమ్మానాన్నల పేర్లు ఒకటే, పుట్టిన తేదీల మధ్య మూడు వారాల తేడా కనబడితే బడి గుమాస్తా తప్పు పడిందనుకుని దరఖాస్తు వెనక్కిస్తాడు. ‘ఇద్దరికీ జనన ధ్రువపత్రాలు వేర్వేరుగా ఉన్నాయి, రెండూ సరైనవే’ అని ముందే చెప్పి, అసలు పత్రాలు చూపించి నకళ్ళు జతచేయాలి. అంతకు మించి వివరించాల్సిన బాధ్యత లేదు. పిలుపు విషయంలో నియమం ఒక్కటే, పుట్టిన తేదీ. పిండాలు ఒకే రోజు ల్యాబ్‌లో ఏర్పడినా, ఒకటి నాలుగేళ్ళు గడ్డకట్టించి ఉంచినా, ముందు పుట్టినవాడే అన్న. పిండాలను పదేళ్ళ దాకా భద్రపరచవచ్చు కాబట్టి ‘ఇద్దరూ ఒకే రోజు వాళ్ళు’ అనే లెక్క మొదలుపెడితే పిల్లల తలలు తిరుగుతాయి.

రెండో విడత వరసలు పెట్టడం. ఇక్కడ కౌన్సెలర్‌కు తెలుగు ఇళ్ళ సంగతి తెలుసు, కరపత్రం రాసినవాళ్ళకు తెలియదు. సరోగేట్ బయటి మనిషి అయితే పని సులువు. చుట్టమైతేనే అసలు లెక్క మొదలవుతుంది. డబ్బు తీసుకోకూడదన్న నియమం వల్ల చాలా ఇళ్ళు చుట్టాల వైపే చూస్తాయి. వయసు 35 దాటకూడదు కాబట్టి అమ్మమ్మ, నానమ్మ ఈ లెక్కలోకి రారు. మిగిలేది అక్కచెల్లెళ్ళు, వదినా మరదళ్ళు, తోడికోడళ్ళు.

తల్లి అక్కో చెల్లెలో గర్భం మోస్తే ఆమె బిడ్డకు పెద్దమ్మ లేదా పిన్ని. తండ్రి అన్నదమ్ముల భార్య మోసినా అంతే. పెద్దమ్మ, పిన్ని పిల్లలు మన వరసల్లో ముందునుంచే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. కొత్త మాట అక్కర్లేదు, పాత వరసే గట్టిగా అతుకుతుంది. తెలుగు వరసల అమరిక ఈ రెండు సందర్భాల్లో ఎంత పనికొస్తుందో చూస్తే ముచ్చటేస్తుంది.

తండ్రి అక్కో చెల్లెలో మోస్తే పేచీ వస్తుంది. ఆమె మేనత్త. ఆమె పిల్లలు బిడ్డకు బావలు, వదినలు, మరదళ్ళు. మేనమామ భార్య మోసినా ఇదే. మేనరికం చేసుకునే కులాల్లో ఇవి పెళ్ళి వరసలు. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచే ‘నీ మొగుడొచ్చాడే’ అని ఆటపట్టించే పెద్దలుంటారు. అదే పిల్ల ఆ పిల్లాడి అమ్మ కడుపున తొమ్మిది నెలలు పెరిగిందని తెలిశాక ఆ హాస్యం ఎవరికీ సహించదు. కాబట్టి గర్భం నిలిచిందని తెలిసిన రోజునే ఆ పిల్లల మధ్య అన్నాచెల్లెళ్ళ వరస పెట్టుకోమని కౌన్సెలర్ చెబుతారు. ఇది సరైన సలహా. అత్తను అత్త అనే పిలవవచ్చు, పెద్దవాళ్ళ పిలుపులు మార్చాల్సిన పని లేదు.

అయితే ఈ సలహాలో ఒక లోపం ఉంది. సరోగసీలో పుట్టిన బిడ్డకు మాత్రమే వరస మార్చి వదిలేస్తే, ఆ తర్వాత అదే తల్లికి సహజంగా పుట్టిన బిడ్డకు ఆ మేనత్త పిల్లలు బావలూ మరదళ్ళుగానే మిగులుతారు. ఒకే ఇంట్లో ఇద్దరు తోబుట్టువులు, ఎదుటివాడు ఒకరికి అన్న, ఇంకొకరికి బావ. పిల్లలు అయిదారేళ్ళకే ఇది పట్టేస్తారు, తమలో ఒకరు వేరని అనుకుంటారు. మార్చేదేదో ఆ ఇంటి పిల్లలందరికీ, పుట్టబోయేవాళ్ళకు కూడా కలిపి మార్చాలి. వరసల చార్టు కింద ‘ఈ వరస మన పిల్లలందరికీ వర్తిస్తుంది’ అని ఒక వాక్యం రాయించుకుంటే చాలు.

ఈ సలహాకు కౌన్సెలర్ చెప్పే కారణమూ సరికాదు. ‘ఒకే కడుపులో రక్తం కలుస్తుంది కదా’ అంటారు. సరోగేట్ తన అండం ఇవ్వకూడదని చట్టమే చెబుతోంది. మాయ (ప్లాసెంటా) ద్వారా ఆక్సిజన్, పోషకాలు వెళ్తాయి, మోసే స్త్రీ రక్తం బిడ్డ రక్తంలో నేరుగా కలవదు. కొద్ది కణాలు అటూ ఇటూ చేరతాయన్నది నిజమే, దానితో జన్యు సంబంధం మారదు. మేనత్త పిల్లలతో ఆ బిడ్డకు ఉండేది మామూలు మేనరికపు జన్యు సంబంధమే, సగటున ఎనిమిదో వంతు. వరస మార్చేది మనసు కోసం. ఆ మాట తేటగా చెప్పాలి. లేకపోతే ‘రక్తం కలిసింది’ అన్న తప్పు సమాచారం రేపు ఆస్తి గొడవల్లోనూ, బిడ్డ ఎవరిదన్న గొడవల్లోనూ తిరిగి వస్తుంది. బిడ్డ దంపతుల సొంత బిడ్డగానే పరిగణన పొందుతుందని చట్టం స్పష్టంగా చెప్పింది. తల్లిదండ్రులెవరో, బిడ్డ ఎవరి సంరక్షణలో ఉండాలో తేల్చే ఉత్తర్వు ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేట్ లేదా పై కోర్టు నుంచి ముందే తీసుకోవాలి. బిడ్డ పుట్టాక జనన నమోదుకు అదే ఆధారం.

బయటి మనిషి సరోగేట్ అయినప్పుడు ఆమె పిల్లలకు ఏ మాట వాడాలి? కరపత్రం ‘గర్భ సోదరుడు’ అంటుంది. తెలుగులో అంతకన్నా చక్కని పనిముట్టు ఎప్పటినుంచో ఉంది, ‘వరసకు’ అన్న మాట. ‘వరసకు అన్న అవుతాడు’ అంటే రక్తసంబంధం లేదని, అయినా మర్యాద, ఆప్యాయత ఉన్నాయని, పెళ్ళి వరస కాదని మూడు సంగతులూ ఒక్క మాటలో తెలిసిపోతాయి. పక్కింటివాళ్ళతోనే వరస కలుపుకునే ఊళ్ళు మనవి. గర్భం మోసి ఇచ్చిన తల్లి బిడ్డతో కలుపుకోవడానికి అడ్డేమిటి? ఒక్క జాగ్రత్త, ఈ ‘వరసకు’ను సొంత ఇంటి పిల్లల మధ్య ఎప్పుడూ వాడకూడదు. ఒకే అమ్మానాన్నల దగ్గర పెరిగే పిల్లల గురించి ‘వరసకు తమ్ముడు’ అంటే తమ్ముడు కాడని చెప్పినట్టే.

మూడో విడత బిడ్డకు చెప్పడం గురించి. ఫొటోల ఆల్బమ్‌తో మూడేళ్ళ వయసు నుంచే మొదలుపెట్టమంటారు. ఇది పరిశోధనలకు దగ్గరగా ఉన్న సలహా. కేంబ్రిడ్జిలో సూసన్ గోలంబాక్ బృందం దాత అండం, దాత వీర్యం, సరోగసీ ద్వారా పుట్టిన పిల్లలను ఇరవై ఏళ్ళ వయసు దాకా గమనించి 2023లో ఫలితాలు ప్రచురించింది. ఏడేళ్ళ లోపు తెలిసినవాళ్ళకు తల్లితో సంబంధాలు మెరుగ్గా ఉన్నాయని అందులో తేలింది. ఆల్బమ్‌లో సరోగేట్ పిల్లల ఫొటో కూడా ఒకటి పెట్టమని కౌన్సెలర్ చెప్పరు, చెప్పాలి.

సేవలో అసలు లేనిది ఆ పిల్లల కోసం ఒక విడత. అమ్మ కడుపు పెరగడం వాళ్ళు చూస్తారు. ‘నీకు తమ్ముడు కావాలా, చెల్లెలు కావాలా?’ అని వీధిలో ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఆసుపత్రి నుంచి అమ్మ ఒక్కతే వస్తుంది. నాలుగేళ్ళ పిల్లకు ఇందులోంచి వచ్చే ఆలోచన ఒకటే, నన్ను కూడా ఇచ్చేస్తారా అని. బ్రిటన్‌లో సరోగేట్ల పిల్లలు 36 మందితో మాట్లాడి 2014లో ప్రచురించిన అధ్యయనంలో 17 మందికి పుట్టిన బిడ్డతో రాకపోకలున్నాయి, వాళ్ళంతా ఆ సంబంధం బాగుందనే చెప్పారు. అక్కడి పిల్లలకు ముందే చెప్పడం, పుట్టాక చూపించడం అలవాటు. ఇక్కడ కడుపు కనబడడానికి ముందే, అంటే నాలుగో నెల లోపు, ఒక గంట ఆ పిల్లలతో కూర్చోవాలి. చెప్పాల్సిన మాట చిన్నది: ‘అమ్మ కడుపులో ఉన్నది ఆంటీ వాళ్ళ బాబు. వాళ్ళింట్లో మొదటినుంచీ వాడికోసం ఎదురుచూస్తున్నారు. నువ్వు అమ్మ బిడ్డవి, ఎప్పుడూ ఇక్కడే ఉంటావు.’ తమ్ముడొస్తాడని ముందు చెప్పి తర్వాత కాదనడం అన్నిటికంటే చెరుపు. పుట్టిన బిడ్డను ఆ పిల్లలు ఒక్కసారైనా ఒళ్ళో పెట్టుకుని చూడాలి. ఆ రోజు నుంచే ‘వరసకు అన్న’ అన్న మాటకు వాళ్ళ దృష్టిలో ఒక ముఖం ఏర్పడుతుంది.

బారసాల గురించి ఒక మాట. బిడ్డను ఉయ్యాలలో వేసేటప్పుడు మేనత్త ముందుంటుంది. మేనత్తే సరోగేట్ అయితే, ఇరవై ఒకటో రోజుకు ఆమె ఒంట్లో ఇంకా బాలింత నీరసం ఉంటుంది, పాలు పడి ఉంటాయి, మనసు పచ్చిగా ఉంటుంది. ఆమె పిల్లలు పక్కనే నిలబడి చూస్తుంటారు. ఎవరు ముందు నిలబడాలో ఆ రోజు పందిట్లో తేల్చుకోకూడదు. కౌన్సెలర్‌ను అడిగితే దీని మీద చక్కగా మాట్లాడతారు, అడగకపోతే ప్రస్తావించరు.

వసతుల సంగతి క్లుప్తంగా: లిఫ్ట్ ఉంది కానీ కరెంటు పోతే ఆగుతుంది, నెలలు నిండుతున్న స్త్రీని మూడంతస్తులు ఎక్కించకుండా కింద గదిలో కూర్చోబెట్టమని ముందే ఫోన్ చేసి చెప్పాలి. మాటలు పక్క గదిలోకి వినిపించవు. గుంటూరులో మాత్రం గది, వేచి ఉండే చోటు ఒక్కటే, మధ్యలో పరదా. ఇలాంటి విషయానికి అది చాలదు, విజయవాడకే వెళ్ళడం మేలు. వెళ్ళేటప్పుడు రెండు వైపుల నుంచీ మూడు తరాల పేర్లు, పుట్టిన సంవత్సరాలు రాసుకుని వెళ్తే మొదటి విడతలో పదిహేను నిమిషాలు కలిసొస్తాయి. మొత్తం మీద ఈ సేవకు ఐదుకు మూడున్నర మార్కులు. సరోగేట్ పిల్లలకు ఒక విడత చేర్చి, కరపత్రాన్ని తెలుగు తెలిసినవాళ్ళతో మళ్ళీ రాయిస్తే నాలుగున్నర ఇవ్వవచ్చు.

చార్టు చివరి విడత రోజు ఒక్క కాపీయే ఇస్తారు. రెండోది అడిగి తీసుకోండి, గర్భం మోసిన ఇంటికి ఇవ్వడానికి.